73 ఏళ్ల మామగారు, చేతిలో బొనాంజా: ఇక చాలని చెప్పాల్సింది ఎవరు?

ఒహాయో_అల్లుడు

ఇక్కడ సరదాకి విమానం నడిపేవాళ్లు కొందరు ఉన్నారని తెలిసి రాస్తున్నాను. మా మామగారికి 73. గుంటూరులో వైద్యం చదివి, 1970ల చివర అమెరికా వచ్చి, మత్తు వైద్యుడిగా పనిచేసి రిటైరయ్యారు. పైలట్ లైసెన్సు తీసుకుని ముప్ఫై ఏళ్లు దాటింది. మేఘాల్లో పరికరాలు చూసి నడిపే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ కూడా ఉంది. సొంత విమానం 1970ల నాటి బొనాంజా ఏ36. నాకూ లైసెన్సు ఉంది, కానీ ఆయన ముందు నేను పిల్లవాణ్ణే.

ఈ మధ్య ఇండియానాపోలిస్ వైపు ఇద్దరం వెళ్లాం. కంట్రోలర్ ఒక్క ఊపిరిలో దిశ, ఎత్తు, కొత్త ఫ్రీక్వెన్సీ చెప్పాడు. ఒకప్పుడు అవతలివాడి మాట ముగిసేలోపే మామగారి జవాబు సిద్ధంగా ఉండేది. ఈసారి దిశ సరిగ్గా చెప్పి, ఎత్తు తప్పు చెప్పారు. కంట్రోలర్ సరిదిద్దాడు. తర్వాత కొత్త ఫ్రీక్వెన్సీని పక్క గడిలోకి తిప్పి, దాన్ని వాడుకలోకి మార్చే బటన్ నొక్కలేదు. పాత ఫ్రీక్వెన్సీలోనే పిలుస్తూ "ఎవరూ పలకరేం?" అని విసుక్కున్నారు.

తిరుగు ప్రయాణంలో రన్‌వేకి సమాంతరంగా వస్తూ "చక్రాలు కిందికి" అని పైకే చదివారు. చెయ్యి మీట మీద ఉంది, మీట కదల్లేదు. చక్రాలు దిగాయని చెప్పే మూడు పచ్చదీపాలూ వెలగలేదు. పవర్ ఇంకా తగ్గించలేదు కాబట్టి చక్రాలు దించలేదని హెచ్చరించే హారన్ కూడా మోగలేదు. నేను వేలితో చూపిస్తే "చూశానులే" అని దించారు. ఆపైన చేసిన ల్యాండింగ్ ఎప్పటిలాగే ముచ్చటగా ఉంది. నన్ను తికమక పెడుతున్నది అదే.

అత్తయ్యగారు "నువ్వు చెబితే వింటారు బాబూ" అంటారు. మా ఆవిడ "నాన్నకు నేను చెప్పలేను" అంటుంది. విమానం నడిపే ఆరోగ్యం ఉందని చెప్పే మెడికల్ పత్రం మీద సంతకం పెట్టింది ఆయన స్నేహితుడే. ఏం చేయమంటారు?

నేలమీదివాడు

నాకు విమానం గురించి తెలిసింది కిటికీ సీటు వరకే. అయినా అడుగుతాను. ఎయిర్‌లైన్ పైలట్‌ను 65 నిండగానే ఇంటికి పంపుతారు కదా, ఈయనను ఎలా వదిలేశారు? తాళాలు దాచేస్తే సరిపోదా?

పాత_కెప్టెన్ (హైదరాబాద్)

65 అన్నది టికెట్ కొన్న ప్రయాణికులను మోసే ఎయిర్‌లైన్ పైలట్లకు పెట్టిన హద్దు. అదీ మొదటినుంచీ ఉన్నది కాదు. అమెరికాలో 2007 డిసెంబర్ దాకా 60, అంతర్జాతీయంగా 2006 దాకా 60. అంటే 60వ పుట్టినరోజు మర్నాడు పనికిరాని మెదడు, చట్టం మారగానే మరో ఐదేళ్లు పనికొచ్చింది! ఎక్కడో ఒక గీత గీయాలి కాబట్టి గీశారు, అంతే. సొంత సరదాకి నడిపేవారికి అమెరికాలో గరిష్ఠ వయోపరిమితి లేదు.

మన జేఆర్‌డీ టాటా 1932లో కరాచీ నుంచి బొంబాయికి టపా మోస్తూ విమానం నడిపారు. యాభై ఏళ్లకు, 1982లో, అదే దారిలో లెపర్డ్ మాత్ అనే పాతకాలపు విమానాన్ని మళ్లీ నడిపారు. అప్పటికి ఆయన వయసు 78. బేగంపేటలో మా తరం కుర్రాళ్లకు ఆ వార్త పండగ. అయితే, అది ముందే చూసిపెట్టుకున్న వాతావరణంలో, పగటి వెలుగులో, దేశమంతా కనిపెట్టుకుని ఉండగా సాగిన ప్రయాణం. అల్లుడుగారూ, మీ మామగారిది ఆ పరిస్థితి కాదు.

టెక్సాస్_గద్ద

నాకు 69. ఈ చర్చ ఎటు పోతుందో నాకు తెలుసు. ఒక తప్పు పాతికేళ్లవాడు చేస్తే "అనుభవం లేదు, నేర్చుకుంటాడు" అంటారు. అదే తప్పు నేను చేస్తే "ముసలాయనకు మతి తప్పింది" అంటారు.

అమెరికాలో యునైటెడ్ ఫ్లయింగ్ ఆక్టోజెనేరియన్స్ అని ఒక సంఘం ఉంది. ఎనభై నిండాక పైలట్‌గా బాధ్యత వహించి విమానం నడిపినవారికే సభ్యత్వం. అది మొదలైందీ జేఆర్‌డీ ఎగిరిన 1982లోనే.

బాబ్ హూవర్ సంగతి ఇక్కడ ఎంతమందికి తెలుసు? రెండు ఇంజిన్లూ ఆపేసి విన్యాసాలు చేసి, ఆ ఊపుతోనే రన్‌వే మీదికి దిగి నిలిచేచోటుకు చేరుకునే మనిషి. విమానాన్ని గిర్రున తిప్పుతూ ఒక్క చుక్క ఒలకకుండా గ్లాసులోకి ఐస్ టీ పోసుకునేవాడు. 1992లో ఓక్లహోమా సిటీ ప్రదర్శన చూసిన ఇద్దరు ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) ఇన్‌స్పెక్టర్లు ఆయన నైపుణ్యం, బుద్ధి మందగించాయని రాశారు. మెడికల్ పోయింది. అప్పుడాయనకు 70. ఎఫ్. లీ బెయిలీ అనే పేరుమోసిన లాయరు వాదించాడు, డాక్టర్లు చెరో మాట చెప్పారు. ఈలోగా ఆస్ట్రేలియా లైసెన్సు ఇచ్చింది! చివరికి 1995లో అమెరికా కూడా తిరిగి ఇచ్చింది. ఆయన 2016లో, 94వ ఏట పోయాడు, విమానంలో కాదు. ఇద్దరు చూసి చెప్పినంత మాత్రాన మనిషి పనికిరానివాడు అయిపోడు.

నాడీవైద్యుడు (న్యూజెర్సీ)

గద్దగారూ, హూవర్ ఉదాహరణ మీరు అనుకున్నదానికంటే లోతైనది. మెదడు చురుకు కొలిచే పరీక్షల్లో మన మార్కులను అదే వయసువారి సగటుతో పోలుస్తారు. ఒకప్పుడు అందరికంటే పైన ఉన్నవాడు సగటుకు పడిపోయినా, ఆ పట్టికలో "సాధారణం" అనే వస్తుంది. ఆయనకు ముప్ఫై ఏళ్ల కిందట ఎంత వచ్చేదో ఎవరి దగ్గరా ఉండదు. డాక్టర్లు చెరో మాట చెప్పడానికి అదొక కారణం. పైలట్ల కోసం తయారుచేసిన కాగ్‌స్క్రీన్ అనే కంప్యూటర్ పరీక్ష ఉంది. అనుమానం వచ్చినప్పుడు ఎఫ్‌ఏఏ దాన్ని రాయిస్తుంది. అరవైలోపే ఒకసారి రాసిపెట్టుకుంటే తర్వాత మనల్ని మనతోనే పోల్చుకోవచ్చు. ఎవరూ ఆ పని చేయరు.

ఇక అల్లుడుగారి సందేహానికి వస్తాను. వయసుతో అన్నీ ఒకే వేగంతో తగ్గవు. కొత్త సమాచారాన్ని అందుకునే వేగం, నాలుగైదు అంకెలను కాసేపు మనసులో నిలుపుకోవడం, రెండు పనుల మధ్య మళ్లడం, ఇవి ముప్ఫైలనుంచే మెల్లగా తగ్గుతాయి. చేతికి అలవాటైన నైపుణ్యం, పోగుచేసుకున్న జ్ఞానం చాలాకాలం నిలుస్తాయి. ల్యాండింగ్ ముచ్చటగా ఉండి, మూడు అంశాల రేడియో సందేశం దగ్గర తడబడటంలో వింతేమీ లేదు. మనం ల్యాండింగ్ చూసి మెచ్చుకుంటాం, మందగించేది మరొకటి.

స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 40 నుంచి 69 ఏళ్ల మధ్య ఉన్న 118 మంది పైలట్లను ఏటా సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టి మూడేళ్లు గమనించారు. 2007లో ప్రచురించారు. పెద్దవాళ్లు మొదటి పరీక్షలో చిన్నవాళ్లకంటే వెనకబడ్డారు. కానీ ఆ మూడేళ్లలో వారి మొత్తం మార్కులు చిన్నవారి మార్కులు తగ్గినంతగా తగ్గలేదు. పై స్థాయి రేటింగులు (పైలట్ అర్హతలు) ఉన్నవారు అన్ని వయసుల్లోనూ మెరుగ్గా ఉన్నారు. గద్దగారికి ఇది నచ్చుతుంది. నచ్చనిది కూడా ఉంది. 2010లో అదే బృందం 19 నుంచి 79 ఏళ్లవారికి సిమ్యులేటర్‌లో పొగమంచు పెట్టింది. రన్‌వే సరిగ్గా కనిపించకపోయినా దిగిపోయే మొగ్గు పెద్దవారిలోనే ఎక్కువగా కనిపించింది.

మరో మాట. ఇది మతిమరుపు జబ్బు అని తేల్చేముందు తేలికగా సరిచేయగల కారణాలు వెతకండి. ఆయన శాకాహారా? షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతున్నారా? రెండూ బీ12ను తగ్గిస్తాయి, అది తగ్గితే ఆలోచన మందగిస్తుంది. మనవాళ్లలో ఈ జోడీ మామూలే. థైరాయిడ్, గురకతో చెడిన నిద్ర, వినికిడి కూడా చూడాలి. అన్నిటికంటే ముందు, రాత్రి నిద్రకోసం వేసుకునే మాత్రలు.

నేలమీదివాడు

> ఒక తప్పు పాతికేళ్లవాడు చేస్తే

గద్దగారూ, మరి హాలీవుడ్ నటుడు హారిసన్ ఫోర్డ్? 2017లో కాలిఫోర్నియాలో రన్‌వే అనుకుని పక్కనున్న ట్యాక్సీవే (విమానాలు రన్‌వేకి నడిచివెళ్లే దారి) మీద దిగాడు. దారిలో 116 మందితో నిలబడి ఉన్న విమానం మీదుగా వెళ్లాడు. వయసు 74.

టెక్సాస్_గద్ద

ఎఫ్‌ఏఏ విచారించి లైసెన్సు జోలికి పోలేదు. అదే మనిషి 2015లో ఇంజిన్ ఆగిపోతే రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాన్ని గోల్ఫ్ మైదానంలో దించి ప్రాణాలు దక్కించుకున్నాడు. అప్పుడు 72. ఆ రోజు ఎవరైనా "వయసు వల్లే ఇంత బాగా దించాడు" అన్నారా?

నాడీవైద్యుడు (న్యూజెర్సీ)

ఆ రెండూ ఒకే మెదడు చేసిన పనులే అన్నది నా వాదన. ఇంజిన్ ఆగితే చేతిలో ఉన్నది ఒక్కటే సమస్య, దానికి పాత అలవాటు తోడు. మామూలు రోజున రద్దీ విమానాశ్రయంలో పది చిన్న విషయాలు ఒకేసారి మీద పడతాయి.

మధ్యవర్తి

నటుల చర్చకు వేరే విభాగం ఉంది. అల్లుడుగారి ప్రశ్నకు రండి.

సత్య_ఇన్‌స్ట్రక్టర్ (ఎరిజోనా)

నా శిష్యుల్లో సగం మంది నాకంటే పెద్దవాళ్లు, కొందరు మా నాన్నకంటే పెద్దవాళ్లు. కాబట్టి ఇది నాకు రోజూ ఉన్న పనే.

ముందు తాళాలు దాచే ఆలోచన మానేయండి. ఆయన మరో తాళం చేయించుకుని, మీకు చెప్పకుండా ఒంటరిగా వెళ్తారు. ఇప్పుడు పక్క సీట్లో మీరు ఉన్నారు, ఆ కాస్త రక్షణా పోతుంది.

రెండో సంగతి, మెడికల్ పత్రాన్ని అడ్డంపెట్టుకోవద్దు. 2017 మే నుంచి అమెరికాలో పాత మెడికల్‌కు బదులు బేసిక్‌మెడ్ అనే తేలిక పద్ధతి ఉంది. నాలుగేళ్లకోసారి మామూలు డాక్టరు పరీక్ష, రెండేళ్లకోసారి ఆన్‌లైన్ పాఠం. ఐరోపాలో అయితే యాభై దాటిన ప్రైవేటు పైలట్‌కు మెడికల్ ఏడాదికే ముగుస్తుంది. ఏ పద్ధతిలోనైనా డాక్టరు గదిలో గుండె, రక్తపోటు, కన్ను తెలుస్తాయి. మూడు అంశాల రేడియో సందేశాన్ని అందుకోగలరా అన్నది ఆ గదిలో తెలియదు, కాక్‌పిట్‌లోనే తెలుస్తుంది. చట్టం దానికీ దారి పెట్టింది. రెండేళ్లకోసారి ఇన్‌స్ట్రక్టర్‌తో ఫ్లైట్ రివ్యూ ఉండాలి, కనీసం గంట పాఠం, గంట ప్రయాణం. చిక్కు ఎక్కడంటే, చాలామంది ఏళ్ల తరబడి ఒకే ఇన్‌స్ట్రక్టర్ దగ్గరికి వెళ్తారు. ఒకే విమానాశ్రయం, అవే మూడు ల్యాండింగులు, తర్వాత కాఫీ, సంతకం. అలవాటైన పనిలో ఏ లోపమూ బయటపడదు.

ఆయనను ఎరగని ఇన్‌స్ట్రక్టర్‌ను పెట్టండి. నేనైతే ఇలా చేస్తాను. ఆటోపైలట్ ఆపేస్తాను. దారి మధ్యలో "మీరు వెళ్లే ఊళ్లో రన్‌వే మూసేశారు, ఇంకెక్కడికి వెళ్తారు?" అని అడుగుతాను. ఆయన పటం చూస్తుండగా కంట్రోలర్ గొంతుతో దిశ, ఎత్తు, ఫ్రీక్వెన్సీ చెబుతాను. ఎత్తు జారుతోందా, జారితే తనంతట తానే గమనించారా అన్నది చూస్తాను. తప్పు అందరూ చేస్తారు. దాన్ని ఎవరు పట్టుకున్నారు, ఎంతసేపటికి పట్టుకున్నారు అన్నదే నేను రాసుకునేది. మీరు చెప్పిన ప్రయాణంలో ఎత్తు తప్పును కంట్రోలర్ పట్టుకున్నాడు, చక్రాలను మీరు పట్టుకున్నారు. ఆయన పట్టుకున్నది ఏదైనా ఉందా?

చక్రాల సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. పాత బొనాంజాల్లో చక్రాల మీట కుడివైపు, ఫ్లాప్‌ల (రెక్కల వెనక అంచున దించే పలకల) మీట ఎడమవైపు ఉంటాయి, ఇతర విమానాలకు తిరగేసి. "చక్రాలు కిందికి" అని నోరు పలికిందంటే పని అయిపోయిందని మనసు నమ్మేస్తుంది. నేను శిష్యులకు మీట పేరు చదవనివ్వను. "మూడు పచ్చలు" అని దీపాలను చూసి చెప్పాలి, చెప్పేటప్పుడు వేలు దీపం మీద ఉండాలి. కంటికి కనబడనిది నోట రాకూడదు.

చివరగా, అన్నీ వదిలేయడం, అన్నీ చేయడం, ఈ రెంటి మధ్య చాలా మెట్లు ఉన్నాయి. ముందు రాత్రి ప్రయాణం మానేస్తారు. తర్వాత మేఘాల్లో ఒంటరిగా వెళ్లడం. ఆ తర్వాత చక్రాలు ముడిచే విమానం అమ్మి, చక్రాలు ఎప్పుడూ కిందే ఉండే సెస్నా 172 లాంటిది. ఆపైన పక్కన మరో పైలట్ ఉంటేనే. ఒక్కో మెట్టు దిగినవాళ్లు ఎనభైల్లో కూడా హాయిగా ఎగరడం చూశాను.

విశాఖ_టవర్

నేను మైకుకి ఇవతలివైపు పనిచేసి రిటైరయ్యాను. నడివయసు దాటిన పైలట్‌కు సందేశాలు విడగొట్టి ఇవ్వడం మేలని మాకు అనుభవంతో తెలుసు. దిశ, ఎత్తు ఇచ్చి, అవి తిరిగి చెప్పాక ఫ్రీక్వెన్సీ ఇవ్వాలి. రద్దీలో అంత తీరిక ఎవరికీ ఉండదు. "మళ్లీ చెప్పండి" అనడానికి మొహమాటపడే పైలటే నన్ను ఎక్కువ భయపెట్టేవాడు.

మోకాలి మీద కాగితం పెట్టుకుని రాసుకుంటారా మీ మామగారు? రాసుకునే అనుభవజ్ఞులైన పెద్ద పైలట్లలో వయసు తేడా బాగా తగ్గుతుందని పరిశోధనల్లోనూ తేలింది. "నాకు గుర్తుంటుంది" అనేవాళ్లకే చిక్కు.

సిన్సినాటి_సరోజ

మా నాన్న కూడా డాక్టరే, పైలటే. మా అన్నయ్య "నాన్నా, నీకు వయసైపోయింది" అని భోజనాల దగ్గర, పదిమంది ముందు అన్నాడు. నాన్న మర్నాడే ఒక్కరే వెళ్లి ఎగిరివచ్చారు. ఆ తర్వాత అన్నయ్యతో విమానం మాటే ఎత్తలేదు. అల్లుడు అంటే ఇంకా నాజూకు. దయచేసి అత్తయ్యగారి వకాల్తా పుచ్చుకుని వెళ్లకండి. "మీరు మారిపోయారు" అనొద్దు. "ఆ రోజు ఇండియానాపోలిస్ దగ్గర ఇలా జరిగింది, మీకేమనిపించింది?" అని అడగండి. జవాబు ఆయన నోటివెంటే రావాలి.

ఒహాయో_అల్లుడు

అందరికీ నమస్కారాలు. కాస్త ఆలస్యంగా రాస్తున్నాను.

ఆ రోజు కాక్‌పిట్‌లో చిన్న కెమెరా పెట్టి ఉంచాను, రేడియో మాటలు కూడా అందులో పడ్డాయి. పాఠం కోసం నేను తరచూ పెట్టేదే. సరోజగారు చెప్పినట్టు ఏ వ్యాఖ్యా చేయకుండా "మామయ్యగారూ, ఇది ఒకసారి వినండి, కంట్రోలర్ వేగంగా చెప్పాడా?" అని ఇచ్చాను. ఆయన హెడ్‌ఫోన్ పెట్టుకుని, కాగితం తీసుకుని, రోగి చార్టు రాసినట్టు కాలమ్‌లు గీశారు. కంట్రోలర్ అన్నది ఒకవైపు, తను అన్నది ఒకవైపు. ఎత్తు దగ్గర ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ విన్నారు. చక్రాల దగ్గర నా వేలు కనిపించగానే వీడియో ఆపేసి "నువ్వు లేకపోతే హారన్ మోగేదాకా తెలిసేది కాదు" అన్నారు. అంతే. ఆ పూట ఇంకేం మాట్లాడలేదు.

మర్నాడు ఆయనే పరీక్షలు రాయించుకున్నారు. బీ12 తక్కువ. ఆయన శాకాహారి, మెట్‌ఫార్మిన్ వాడతారు, నాడీవైద్యుడుగారు చూడకుండానే చెప్పారు. సన్నని శబ్దాల వినికిడి రెండు చెవుల్లోనూ తగ్గింది. రాత్రి అలర్జీకని వేసుకునే మాత్ర డైఫెన్‌హైడ్రమైన్ అనే మగత తెచ్చే మందు అని తేలింది. జీవితమంతా ఇతరులకు మత్తు ఇచ్చిన మనిషి తన మాత్ర పెట్టెను చూసుకోలేదని అత్తయ్యగారు సాధిస్తున్నారు.

నాడీవైద్యుడు (న్యూజెర్సీ)

ఆ మాత్ర వేసుకుంటే 60 గంటలు విమానం నడపొద్దని ఎఫ్‌ఏఏ మాట. పేరు చివర పీఎం అని ఉండే నిద్రమాత్రల్లో చాలావాటిలో అదే మందు. ప్రమాదాల్లో చనిపోయిన పైలట్ల రక్తపరీక్షలను ఎన్‌టీఎస్‌బీ (అమెరికాలో ప్రమాదాలను విచారించే సంస్థ) 2014లో సమీక్షించినప్పుడు, బుద్ధిని మందగింపజేసే మందుల్లో అన్నిటికంటే తరచుగా దొరికింది కూడా ఇదే. అయితే బీ12, మాత్ర సరిచేశాక మళ్లీ కొలవండి. కారణం దొరికిందని అంతా దానిమీదే నెట్టేయవద్దు. నొక్కని బటన్‌కు చెవితో సంబంధం లేదు.

ఒహాయో_అల్లుడు

అవును, ఆ మాట ఆయనే అన్నారు. వేరే ఊరి ఇన్‌స్ట్రక్టర్‌తో సత్యగారు చెప్పిన తరహా పరీక్ష కూడా అయింది. మాత్ర మానేసిన కొన్ని వారాలకు. రేడియో చాలావరకు బాగుపడింది, మోకాలి మీద కాగితం వచ్చింది. కానీ దారి మార్చమన్నప్పుడు పటం చూస్తూ ఎత్తు జారవిడిచారు, ఇన్‌స్ట్రక్టర్ చెప్పేదాకా గమనించలేదు. ఇంటికి వచ్చి "రాత్రి లేదు, మేఘాలు లేవు, ఒంటరిగా లేదు" అని తీర్పు చెప్పారు. విమానం అమ్మడానికి మాత్రం ఒప్పుకోలేదు. మా అమ్మాయిని ఎక్కించుకోవడంపై ఇంట్లో ఇంకా వాదన నడుస్తోంది. మా ఆవిడ వద్దంటుంది, నేనూ ఆమెవైపే.

టెక్సాస్_గద్ద

మనుమరాలి విషయంలో మీ ఆవిడ మాటే నిలబెట్టండి. కానీ ఒకటి గమనించారా? ఆయనను ఆపింది వయసు కాదు, కుటుంబం కాదు, చట్టం అంతకన్నా కాదు. తన చేతిరాతతో ఉన్న కాగితం. నేను మొదటినుంచీ అంటున్నది అదే, మనిషిని చూడండి, పుట్టిన తేదీని కాదు.

పాత_కెప్టెన్ (హైదరాబాద్)

గద్దగారూ, ఆ కాగితం తనకై తాను పుట్టలేదు. పక్క సీట్లో ఒక వేలు ఉంది కాబట్టి పుట్టింది. తన మందగింపును తానే గుర్తించలేకపోవడం ఆ మందగింపులోనే ఒక భాగం, ఎయిర్‌లైన్‌లో ఇద్దరిని కూర్చోబెట్టేది అందుకే కదా. ఒంటరిగా ఎగిరేవాళ్లకు ఆ వేలు ఎవరిది?

టెక్సాస్_గద్ద

దీనికి జవాబు నా దగ్గర లేదు, కెప్టెన్‌గారూ. మా బీమా కంపెనీ మాత్రం తన జవాబు చెప్పేసింది. 70 దాటితే ఏటా ఇన్‌స్ట్రక్టర్ సంతకం కావాలట, ప్రీమియం కూడా పెరుగుతుందట.

ఒహాయో_అల్లుడు

మాకూ అదే వచ్చింది. ఇకనుంచి నేను పక్కన ఉండి, అవసరమైతే నేనే నడపాలి కాబట్టి పాలసీలో నా పేరు చేర్పించాలనుకుంటున్నాం. సత్యగారూ, నేను ఇప్పటిదాకా సెస్నా 172 మాత్రమే నడిపాను. బొనాంజాకు ఏం కావాలి?

సత్య_ఇన్‌స్ట్రక్టర్ (ఎరిజోనా)

రెండు అనుమతులు లాగ్‌బుక్‌లో రాయించుకోవాలి. చక్రాలు ముడిచే విమానాలకు ఒకటి, 200 హార్స్‌పవర్ దాటిన ఇంజిన్లకు ఒకటి. ఏ36కు రెండూ వర్తిస్తాయి. వీటికి చట్టం గంటలు నిర్ణయించలేదు గానీ బీమావాళ్లు నిర్ణయిస్తారు, కాబట్టి శిక్షణ మొదలుపెట్టేముందే వాళ్లు అడిగే గంటలు లిఖితపూర్వకంగా తీసుకోండి. బొనాంజా తెలిసిన ఇన్‌స్ట్రక్టర్‌నే చూసుకోండి. శిక్షణ రోజుల్లో వీలైతే వెనక సీట్లో మామగారిని కూర్చోబెట్టండి. ఆ విమానం గుణం ఆయనకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.